ఎగువ చెక్క, దిగువ చెక్క

తమ్ముడి చేతిలో కొత్త తాళం చూడగానే రైటరమ్మ చదువుతున్న కాగితం పక్కన పెట్టింది.

"అదెక్కడిదిరా?"

"కొన్నా. అరచెయ్యంత ఉంది చూడు. గేటుకి గొలుసు చుట్టి ఇది బిగించానంటే వాళ్ళ లారీ కాదు కదా, వాళ్ళ తాతలు దిగొచ్చినా కదలదు."

"ఇటివ్వు."

"ఇవ్వను. ఐదింటిదాకా, అంతేగా? ఐదు దాటితే లీజు చచ్చింది. మూడు గంటలు గేటు కాస్తే తీరిపోయేదానికి, పెళ్ళివారొస్తున్నట్టు తలుపులు బార్లా తీసి కూర్చున్నావేంటక్కా?"

రైటరమ్మ అన్నది పెట్టిన పేరు కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని ఇరవై రెండేళ్ళుగా ఆమె దస్తావేజులు రాస్తోంది. చుట్టుపక్కల నేల చేతులు మారిందంటే చాలావరకు ఆమె కలం కిందనుంచే మారింది. తండ్రి కూడా నలుగురిలో కూతుర్ని అలాగే పిలిచేవాడు. ఆయన పోయి మూడు నెలలయింది. పిలిచేవాడు అని అనుకోవడం ఆమెకింకా చేతకావడం లేదు.

ఐదేళ్ళ కిందట, ఇదే రోజున, ఆయన చమురు కంపెనీకి లీజు రాసిచ్చాడు. అక్కడి చట్టం ప్రకారం నేల ఎవరిదో నేల కింద ఉన్న చమురూ గ్యాసూ వాళ్ళవే గనుక కంపెనీ ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకుంది. గడువు ఐదేళ్ళు. ఆఖరి రోజు సాయంత్రం ఐదింటిలోపు ఆ నేలలో బోరు బరమా తిరగాలి. తిరిగితే, అడుగున గ్యాసు ఉన్నన్నాళ్ళూ లీజు ఉంటుంది, అది నలభై ఏళ్ళైనా కావచ్చు. తిరగకపోతే కాగితం చెల్లదు. ఐదేళ్ళూ ఇటు తొంగిచూడని కంపెనీ ఈ పొద్దున కబురు పెట్టింది, రెండున్నరకి యంత్రం వస్తోందని. పెద్ద యంత్రమేమీ కాదు. చిన్నదాన్ని తెచ్చి రెండు గజాలు తవ్వి ఫొటో తీసుకుంటారు. లీజుకి ఊపిరి పోసి వెళ్ళిపోతారు.

"పదకొండో షరతు చదివావా?" అంది.

"నువ్వుండగా నేనెందుకు చదవడం?"

"నేల యజమాని అడ్డుపడితే, అడ్డుపడ్డ కాలం గడువులో కలుస్తుంది. నువ్వు గంటసేపు గేటు మూస్తే వాళ్ళు కోర్టుకెళ్ళి ఆర్నెల్లు తెచ్చుకుంటారు. నీ తాళమే వాళ్ళకి కావాలి. నువ్వు అరవాలి, రాయి విసరాలి, టైరు కింద పడుకోవాలి. అందుకే ఆఖరి రోజు వస్తున్నారు."

తమ్ముడు తాళం వైపు చూసుకున్నాడు. "అయితే వాళ్ళొచ్చి మన చేలో బొక్క పెడుతుంటే గుడ్లప్పగించి చూడాలా?"

"చూడాలి."

"నాన్నుంటే..."

"నాన్నే సంతకం పెట్టాడు" అంది. మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. చెయ్యి చాపింది. అతను తాళాన్ని ఆ చేతిలో పెట్టకుండా బల్ల మీద ఠక్కున పెట్టి బయటికి వెళ్ళాడు.

అతనికి చెప్పనిది ఇంకొకటుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి చెప్పి మంట పెట్టుకోవడం ఎందుకని నెల రోజులుగా కడుపులోనే దాచుకుంది.

వాళ్ళకీ పిన్నికీ కలిపి రెండు చెక్కల నేల. పైన ఎగువ చెక్క, దాంట్లో తమ్ముడు మొక్కజొన్న వేస్తాడు. కింద దిగువ చెక్క, దాంట్లో పిన్ని ఇల్లు, నూతి గట్టు, కోళ్ళ గూడు. మధ్యలో మోకాలెత్తు గట్టు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కాగితం మీద దిగువది నాన్నకి, ఎగువది బాబాయికి వచ్చాయి. బాబాయికి పెళ్ళయ్యాక, నూతి దగ్గర ఇల్లు కట్టుకుంటానని పిన్ని అడిగితే, అన్నదమ్ములిద్దరూ గట్టు మీద నిలబడి నోటిమాటతో మార్చుకున్నారు. కాగితం మార్చలేదు. కొన్నేళ్ళకి ఏ సర్వే నంబరు ఎవరిదో వాళ్ళే మరిచిపోయారు.

తర్వాత బాబాయి జబ్బుపడి, తన వాటా పిన్ని పేర రాయమన్నాడు. ఆ కాగితం రాసింది రైటరమ్మే. పనిలో చేరిన మొదటి ఏడు. పాత దస్తావేజులో ఉన్న నంబరు, హద్దులు ఉన్నవున్నట్టు దించేసింది. ఆ వరండాలో అందరూ చేసేది అదే. పాత కాగితం చూసి కొత్త కాగితం రాస్తారు, నేల ముఖం ఎవరూ చూడరు. కంపెనీ లీజు రాయించుకున్నప్పుడూ అదే జరిగింది. నాన్న పెట్టెలోంచి పాత దస్తావేజు తీసి నంబరు చెప్పాడు. చూపించమంటే, తను దున్నుకునే ఎగువ చెక్క చూపించాడు. ఆయన దృష్టిలో రెండూ నిజమే.

వారసుల పేర్లు ఎక్కించడానికి సర్వే పటం తెప్పించినప్పుడు ఆమెకి తెలిసింది. లీజు ఉన్నది ఎగువ చెక్క మీద కాదు. పిన్ని ఇల్లున్న దిగువ చెక్క మీద.

ఐదింటిలోపు ఈ సంగతి కంపెనీవాళ్ళకి తెలిస్తే యంత్రం గట్టు దాటుతుంది. బోరుకి యాభై అడుగుల లోపున్న కట్టడాన్ని తీసేసే హక్కు ఏడో షరతులో ఉంది. దిగువ చెక్కలో ఎటునుంచి కొలిచినా పిన్ని ఇల్లు ఆ యాభై అడుగుల్లోనే ఉంది. తెలియకపోతే ఎగువ చెక్కలోనే తవ్వుతారు. కాగితం మీద అది పిన్నిది, పరాయి నేలలో తవ్విన బోరు లీజుని బతికించలేదు.

అందుకని ఆమె అడ్డుపడకూడదు. అబద్ధం ఆడకూడదు, ఆడితే కోర్టులో అదే ఉరితాడు. నిజం ఐదింటికి ముందు చెప్పకూడదు.

లారీ రెండూ నలభైకి వచ్చింది. వెనక జీపులోంచి లీజు ఆఫీసరు దిగాడు. బూట్లకి మట్టి అంటకుండా నడిచే మనిషి. గేటు తెరిచి ఉండటం చూసి ఒక్క క్షణం తెల్లబోయాడు.

"తాళం వేసుంటుందనుకున్నానమ్మా."

"ఎందుకు వేస్తాం?"

"మంచివాళ్ళు" అన్నాడు, అది శుభవార్తలా వినిపించకుండా. జీపులో ఇంకొకడు కెమెరా పట్టుకుని కూర్చున్నాడు. గొడవ ఫొటో తీయడానికి వచ్చినవాడికి తీయడానికి గొడవ లేదు.

లారీ ఎగువ చెక్క మధ్యకి వెళ్ళి కూరుకుపోయింది. మొన్నటి వానకి లోపలంతా పచ్చిగా ఉంది. డ్రిల్లరు దిగి మడమతో నేలని తొక్కి చూశాడు. నెరిసిన మీసం, నూనె మరకల చొక్కా, ఎవరి తరఫునా లేని మొహం.

"సారూ, ఇక్కడ కాలు ఆనదు. యంత్రం నిలబెడితే పక్కకి ఒరిగిపోద్ది. అదిగో, ఆ గట్టు కింద నేల రాయిలా ఉంది. అక్కడైతే పావుగంటలో దించేస్తా."

అతను వేలు చూపించింది పిన్ని వాకిట్లోకి.

పిన్ని అప్పటికే గట్టు దగ్గరికి వచ్చి నడుమ్మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏంటయ్యా వేళ్ళు చూపిస్తున్నావ్? నా వాకిట్లో దింపుతావా? దింపు చూద్దాం. నీ యంత్రానికి ఆ మొనొకటే ఉంది, నాకు నోరుంది!"

"అబ్బే, అడిగానంతే పెద్దమ్మా."

"పెద్దమ్మనా? నీ మీసం చూస్తే నువ్వే నాకు పెదనాన్నలా ఉన్నావ్!"

జీపులోని కెమెరావాడు ఆశగా కిందికి దిగాడు. తమ్ముడు పిడికిళ్ళు బిగించి పిన్ని పక్కకి నడిచాడు. రైటరమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. లీజు ఆఫీసరు పటం చుట్ట చంకలో పెట్టుకుని గట్టు వైపు చూశాడు. ఆ చుట్ట విప్పితే అయిపోయింది. వేలు నంబరు మీద పెడితే చాలు.

"ఆ ఇల్లు వేరేవాళ్ళదయ్యా" అన్నాడతను విసుగ్గా. "మన లీజులో లేదు. పరాయి నేలలో దించితే నా ఉద్యోగం పోతుంది. ఇనుప రేకులు వేసి ఇక్కడే నిలబెట్టు."

ఆమె తమ్ముడి మోచెయ్యి వదిలేసరికి అక్కడ నాలుగు గోళ్ళ గుర్తులు పడ్డాయి. "రక్కావేంటే?" అన్నాడతను గుసగుసగా.

రేకులు పరిచి యంత్రం నిలబెట్టడానికి గంటన్నర పట్టింది. ఆలోగా ఆఫీసరు ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "చిన్న సంతకమమ్మా. లీజు నేలలోనే పని మొదలైందని, యజమానుల తరఫున. లాంఛనం."

ఆమె చదివింది. మూడే వాక్యాలు. పెడితే అబద్ధం. ఎందుకు పెట్టనో చెబితే ఇల్లు పోతుంది.

"నాన్న సంతకం పెట్టిన కాగితం మీ దగ్గరుంది. అందులో ఏముందో చదువుకోండి. నేను కొత్తగా రాసిచ్చేది ఏమీ లేదు."

"చదవడానికి మాకు వకీళ్ళున్నారమ్మా."

"అయితే వాళ్ళని చదవమనండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఏ అంకె మీద చూపు ఆగినా దొరికిపోతానన్నట్టు కాగితం వంక మాత్రం చూడలేదు. అవతల డ్రిల్లరు కేకేశాడు. "సారూ, సిద్ధం! నాలుగూ ముప్ఫై ఐదు!" ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని పరుగెత్తాడు. పరుగులో బూట్ల సంగతి మరిచిపోయాడు.

నాలుగూ నలభై రెండుకి బరమా తిరిగింది. తడి మట్టి ఎర్రగా పైకి వచ్చింది. కెమెరావాడు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. తమ్ముడు చేని అంచున గొంతుక్కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

"అయిపోయిందక్కా. నలభై ఏళ్ళు."

ఆమె ఐదయ్యేదాకా పద్దెనిమిది నిమిషాలు అలా నిలబడింది. తమ్ముడి వీపు కదులుతోంది. ఒక్క మాట చెబితే ఆగుతుంది. చెప్పలేదు.

ఐదూ పదికి సంచిలోంచి నోటీసు తీసి ఆఫీసరుకి ఇచ్చింది. నిన్ననే రాసి పెట్టుకున్నది. లీజు గడువు ముగిసింది, లీజులో చెప్పిన నేలలో బోరు పడలేదు, ఇప్పుడు తవ్వుతున్నది లీజులో లేని నేల, వెంటనే ఆపాలి.

ఆఫీసరు నవ్వుతూ మొదలుపెట్టి, సగంలో నవ్వు మరిచి, జీపు ముందుభాగం మీద పటం పరిచాడు. నంబరు మీద వేలు పెట్టాడు. గట్టు చూశాడు. ఇల్లు చూశాడు.

"మీ నాన్నగారే దగ్గరుండి చూపించారమ్మా."

"తను దున్నుకునే నేల చూపించారు. నంబరు రాసుకుంది మీరు. హద్దులు సరిచూసుకునే పూచీ కంపెనీదేనని ఆరో షరతులో ఉంది. అది రాసిందీ మీరే."

"మీకు ముందే తెలుసు."

"తెలుసు. చదవమని చెప్పాను."

డ్రిల్లరు యంత్రం ఆపేశాడు. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో పిన్ని గొంతు వినిపించింది. "ఏంటమ్మాయ్? ఏం జరిగింది?"

రైటరమ్మ చెప్పింది. నోటిమాట మార్పిడి, పాత నంబరు, బాబాయి కాగితం, దాన్ని రాసిన తన చెయ్యి, అన్నీ. పిన్ని గట్టు మీద కూలబడింది. "అయితే నా పెట్టెలో ఉన్న కాగితం నా ఇంటిది కాదా?"

"కాదు పిన్నీ. ఈ మొక్కజొన్న చేనుది."

ఆఫీసరు మొహం తుడుచుకున్నాడు. ఓడిపోయిన మనిషిలా లేడు. లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకుంటున్న మనిషిలా ఉన్నాడు. తమ్ముడి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు, అందరికీ వినబడేంత మాత్రమే.

"బాబూ, కాగితం ప్రకారం ఆ ఇంటి నేల మీ అక్కాతమ్ముళ్ళది. కొత్త లీజుకి ఇద్దరిలో ఒక్కరి సంతకం చాలు, చట్టం అంతే. నువ్వు పెట్టావనుకో, యంత్రం అటు వెళ్ళిపోతుంది. నీ చేను నీకుంటుంది. నువ్వు కాదంటే ఆవిడని అడుగుతాను. ఈ చేను కాగితం మీద ఆవిడది. ఆవిడ పెడితే బోరు ఇక్కడే ఉంటుంది, ఆవిడ ఇల్లు ఆవిడకి నిలుస్తుంది." పిన్ని వైపు తిరిగి తల వంచాడు. "పొద్దున పదకొండింటికి వస్తాను. ఎవరు ముందు సంతకం పెడితే వాళ్ళది మిగులుతుంది."

ఖాళీ లీజు పత్రం ఒకటి తమ్ముడి చేతిలో, ఇంకొకటి పిన్ని ఒళ్ళో పెట్టి జీపెక్కాడు. డ్రిల్లరు లారీలోనే నడుం వాల్చాడు.

ముగ్గురూ పిన్ని ఇంటి ముందుగదిలోకి వచ్చారు. ఎవరూ దీపం వేయమనలేదు, ఇంకా వెలుగుంది. తమ్ముడు గది నాలుగు మూలలూ చూశాడు. ఆ గదిలో అతను దోగాడాడు. ఇప్పుడు చూసిన చూపు వేరు.

"అయితే ఈ ఇల్లు మనదన్నమాట" అన్నాడు. సరదాకే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"నీదేరా" అంది పిన్ని. "కోళ్ళు కూడా పట్టుకుపో. నేను నీ మొక్కజొన్న కంకులు కొరుక్కుంటూ చేలో పడుకుంటా."

"నేనేమన్నా సంతకం పెట్టానా? నీ ఒళ్ళోనూ ఉందిగా కాగితం! నువ్వు పెట్టవని ఏంటి?"

"పెట్టనని చెప్పలేదు ఇంకా!"

మాట బయటికి వచ్చాక పిన్నే ఉలిక్కిపడింది. రైటరమ్మ సంచిలోంచి తెల్లకాగితాలు తీసి బల్ల మీద సర్దుకుంది. కలం మూత తీసింది.

"దిగువ చెక్క మనిద్దరం పిన్నికి దానంగా రాసిద్దాం" అంది తమ్ముడితో. "రేపు ఆఫీసు తెరవగానే రిజిస్టరు చేయిద్దాం. ఆయన వచ్చేసరికి నీ సంతకానికి విలువుండదు, నాదానికీ ఉండదు."

"దానమా?" పిన్ని గొంతు లేచింది. "నేను మీ గుమ్మంలో జోలె పట్టుకు నిలబడ్డానా? మార్పిడి అని రాయి. ఉన్నమాట రాయి."

"ఉన్నమాట రాస్తే ఓడిపోతాం పిన్నీ. ఎప్పటినుంచో మార్చుకున్నామని ఒప్పుకున్నట్టవుతుంది. అప్పుడు వాళ్ళు తవ్విన చోటు నాన్న నేలే అవుతుంది, పాత లీజు లేచి కూర్చుంటుంది. ఈ రోజు నువ్వు చేను మాకిచ్చినట్టు రాసినా అంతే, రెండూ కలిపి చూస్తే మార్పిడే. కొన్నేళ్ళు ఆగాలి. ఇప్పటికి ఒకవైపే రాయగలం."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అంటే రెండు చెక్కలూ పిన్నివే. మనకి కాగితం మీద అరంగుళం ఉండదు."

"ఉండదు."

"పిన్ని మంచిదే. రేపు వాళ్ళ అల్లుడొచ్చి దిగితే? ఆ చేను మాది, గట్టు దిగు అంటే?"

"దానికి నా దగ్గర కాగితం లేదు."

"మరి పిన్నే ముందు చేను మనకివ్వొచ్చుగా? మనమే ఎందుకు?"

"తప్పు రాసింది నేను గనక" అంది. "నేల చూడకుండా రాశాను. ఆవిడ ఆ కాగితం పెట్టెలో పెట్టుకుని ఇరవై ఏళ్ళు నిశ్చింతగా పడుకుంది. ముందు వదులుకోవాల్సింది మనమే."

రాయడం మొదలుపెట్టింది. అరగంట పట్టింది. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి చేలో పడ్డ గుంటని చూస్తున్నాడు. లీజు పత్రం అతని జేబులోంచి సగం బయటికి కనిపిస్తోంది. పిన్ని తన పత్రాన్ని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"చదువు" అంది పిన్ని, కలం ఆగగానే. "ఒక్క మాట వదలకుండా పైకి చదువు."

రైటరమ్మ చదివింది. ఎవరు ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, నంబరు. ఈసారి నంబరు పటంలోంచి రాసింది. తర్వాత హద్దులకి వచ్చింది.

"తూర్పు, బాట. దక్షిణం, కాలువ గట్టు. పడమర, ప్రభుత్వ బంజరు. ఉత్తరం..." ఒకసారి తమ్ముడి వైపు చూసింది. "ఉత్తరం, దానము పుచ్చుకొనువారి సొంత భూమి."

తమ్ముడు కిటికీ దగ్గరనుంచి తిరిగాడు. "ఉత్తరం మన చేనేగా."

"అవును."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. అతను పెదవులు కదుపుతూ ఆ మాటలు తనలో తను అనుకున్నాడు.

"ఒరేయ్" అంది పిన్ని. గొంతులో ఇందాకటి వెటకారం లేదు. "అల్లుడి సంగతి నేను చెప్పలేను. నా సంగతి చెప్తా. నా కట్టె కాలేదాకా..."

"ఏం చెప్పకు పిన్నీ. చెప్తే అది పట్టుకుని వేలాడాలి నేను." బల్ల దగ్గరికి వచ్చాడు. "ఎక్కడ పెట్టాలి?"

ఆమె చూపించింది. అతను వంగి, కలం గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా పెట్టాడు. దాని కింద ఆమె పెట్టింది. సిరా ఆరకముందే కాగితాన్ని అలవాటు కొద్దీ తన సంచిలో పెట్టుకోబోయింది. తెల్లవారేదాకా అది ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు చించేయగలరు. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

పిన్ని అడగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది.

"నీ దగ్గరెందుకక్కా" అన్నాడు తమ్ముడు. "పిన్నికివ్వు."